మాత గుండెల మీది సూర్యుడు

బస్సు పదకొండున్నరకి కదలాలి. అందులో ఎక్కవలసిన పదకొండుమంది టూరిస్టులకీ కుస్కో నుంచి రెండు గంటలకి విమానం ఉంది. నేను పుకాపాంపా ఊరి చౌకులో షేర్ వ్యాను దిగేసరికి తొమ్మిదీ నలభై అయిదు.

చౌకు అప్పటికే నిండిపోయింది. పొలాలకి బయల్దేరిన మగవాళ్ళు భుజాన పారలతో అలాగే నిలబడిపోయారు. ఆడవాళ్ళు బస్సు చక్రాల ముందు వరసగా కూర్చుని ఉన్ని వడుకుతున్నారు. చేతిలో పని ఆపకుండానే బస్సుని ఆపేశారు.

చర్చి మెట్ల మీద గైడు ఎలీసెయో వాల్పా కూర్చున్నాడు. చేతులకి బేడీలు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో గైడు కార్డు. అతని పక్కన మా ఆఫీసు జీపుకి చేరబడి మా కెప్టెన్ ఇబారోలా నిలబడ్డాడు. పురాతన వస్తువుల దొంగతనాలు చూసే పోలీసు విభాగం మాది. ఆయన పై అధికారి, నేను సబ్ ఆఫీసర్ని. జీపు ఎప్పుడూ ఆయనకే.

"వచ్చారా డోన్యా ఎర్మీనియా. మీకు శ్రమ తప్పింది, దొంగ దొరికాడు," అన్నాడు, అమ్మగారూ అన్నట్టు ఆ డోన్యాని సాగదీస్తూ.

"సొత్తు దొరికిందా?"

"దొంగ దొరికాక సొత్తు ఎక్కడికి పోతుంది? కుస్కో తీసుకెళ్ళి కూర్చోబెడితే మధ్యాహ్నానికల్లా చెప్తాడు."

"నన్నెందుకు పిలిచారు మరి?"

"నేను పిలవలేదు. ఊరి పెద్ద పిలిచాడు. ఆడమనిషి కావాలన్నాడట."

పోయింది మామూలు వస్తువు కాదు. చర్చిలో అద్దాల గూట్లో నిలబడిన మరియమాత గుండెల మీద అరచేయంత బంగారు బిళ్ళ ఉండేది. ఇంకాల కాలంలో కొట్టిన సూర్యుడి ముఖం. తరవాత స్పెయిన్ దొరల కాలంలో ఎవరో కంసాలి దానిచుట్టూ ముత్యాలు పొదిగి మాతకి పతకం చేశాడు. ఈ బస్సులోవాళ్ళు ఎనిమిది రోజులుగా చూస్తూ వస్తున్నది ఇలాంటివే. కింద ఇంకాల రాతి గోడ, దాని మీద స్పెయిన్ వాళ్ళ సున్నపు గోడ.

ఊరి పెద్ద డోన్ సెనోన్ జనంలోంచి వచ్చాడు. ఈ ఏడు చర్చి తాళాల బాధ్యత ఆయనది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు గాని మాట మాత్రం తగ్గించలేదు.

"అమ్మా, ఎల్లుండి పండగ. అమ్మ సూర్యుడు లేకుండా వీధిలోకి రాదు. మీ కెప్టెన్ వీణ్ణి జీపెక్కించుకుపోతానంటున్నాడు. మావాళ్ళు వీణ్ణి ఇక్కడే ఉంచాలంటున్నారు. రెండింట్లో ఏది జరిగినా ఈ కుర్రాడి బతుకు అయిపోయినట్టే. వీడు మా ఊళ్ళో పుట్టినవాడు. తీసింది వీడేనని రుజువు చూపించు, నేనే నీకు అప్పగిస్తా. కాదంటే అది కూడా చూపించు. బస్సు వెళ్ళేదాకా గడువు."

"బస్సు వెళ్ళనిస్తారా?"

"నువ్వు చూపిస్తే వెళ్తుంది."

గంటా నలభై నిమిషాలు. నేను ముందు బస్సెక్కాను.

ముందు సీట్లో డాక్టర్ ఉర్తెయాగా కూర్చుంది. రాజధాని లీమా నుంచి వచ్చింది, అరవై దాటిన మనిషి, పాత నగల మీద పరిశోధన. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది.

"చర్చిలోకి ఎప్పుడు వెళ్ళారు?"

"ఎనిమిదీ అయిదుకి. ఎలీసెయో టైము చూసి చెప్పాడు. వాడు అన్నిటికీ గడియారం చూస్తాడు, బాత్రూముకి పంపేటప్పుడు కూడా."

"సూర్యుణ్ణి చూశారా?"

"అద్దం బయటినుంచి, పదడుగుల దూరంలో. దగ్గరగా చూడ్డానికి ఊరివాళ్ళని వారం కిందటే ఉత్తరం రాసి అడిగాను, సరేనన్నారు. నేను ఈ ప్రయాణంలో చేరిందే దానికోసం. చీచా తాగి వచ్చాక అద్దం తెరిపిస్తాలెండి అన్నాడు ఎలీసెయో. ఎనిమిదిన్నరకి ఎదురింట్లోకి వెళ్ళాం. ఎనిమిదీ యాభైకి తిరిగొచ్చాం. అద్దం తలుపు ఓరగా ఉంది, సూర్యుడు లేడు."

"ఆ ఇరవై నిమిషాల్లో మీలో ఎవరైనా లేచి వెళ్ళారా?"

ఆవిడ నవ్వింది. "లేచే వీలెక్కడుందమ్మా? గ్లాసు ఒక్కటే కదా."

నాకు వెంటనే అర్థమైంది. చీచా అంటే మొక్కజొన్న కల్లు. అది పోసే ఇంట్లో గోడవార బల్ల మీద అందరూ వరసగా కూర్చోవాలి. ఇంటావిడ గ్లాసు నింపి ఇస్తుంది. తాగేవాడు ముందు భూమాతకి నాలుగు చుక్కలు వదిలి, తాగి, పక్కవాడికి అందించాలి. ఒక్క గ్లాసు తిరిగే చోట మనిషి లేకపోతే పన్ను ఊడినట్టు కనబడిపోతుంది.

"ఎన్ని చుట్లు తిరిగింది?"

"రెండు. ఎవరి వంతూ తప్పలేదు. తప్పితే ఆ ఇంటావిడ ఊరుకుంటుందా? మా బస్సులో ఆరెకీపా నుంచి వచ్చిన ఆయన వద్దంటే గడ్డం పట్టుకుని తాగించినంత పని చేసింది."

"ఎలీసెయో?"

ఆవిడ నవ్వు తగ్గింది. "మమ్మల్ని కూర్చోబెట్టి, తలలు లెక్కపెట్టుకుని వెళ్ళాడు. అప్పుడు ఎనిమిదీ ముప్ఫై అయిదు. పది నిమిషాలకి వచ్చాడు. గ్లాసు చేతికిస్తే సగం నేలపాలు చేశాడు. భూమాతకి ఇవాళ దప్పిక ఎక్కువైందని మేమంతా ఎగతాళి చేశాం. ఇప్పుడు బాధగా ఉంది."

బస్సు మెట్ల దగ్గరే కెప్టెన్ నిలబడి విన్నాడు.

"చాలా? పదకొండుమందీ ఒక గ్లాసుకి కట్టేసి ఉన్నారు. బయట తిరిగింది వీడొక్కడు. ఊరి పెద్ద ఇచ్చిన తాళాలగుత్తి వీడి జేబులో ఉంది. ఇంకా ఏం కావాలి మీకు, సూర్యుడొచ్చి సాక్ష్యం చెప్పాలా?"

"వస్తే బాగుండు," అన్నాను.

ఎలీసెయో పక్కన మెట్టు మీద కూర్చున్నాను. వాడు నా మొహం చూడలేదు.

"ఆ పది నిమిషాలు ఎక్కడికి వెళ్ళావు నాయనా?"

"చర్చి వెనక సందులోకి. ఇంకాల గోడ దగ్గర కొలతలు చూసుకుందామని. వీళ్ళకి చెప్పాలి కదా."

"ఎన్నిసార్లు తెచ్చావు ఈ ఊరికి మనుషుల్ని?"

"నలభైసార్లకి పైనే."

"నలభైసార్లు చెప్పిన గోడకి మళ్ళీ కొలతలా?"

నేను వాడి బూట్ల వంక చూశాను.

"ఇవాళ చర్చి వెనక పొలాలకి నీటి వంతు. తెల్లవారి ఆరింటికే కాలవ వదిలారు. నేను వ్యానులోంచి చూశాను, ఆ సందంతా చీలమండ లోతు నీళ్ళు. నీ బూట్లకి పొద్దున రాసిన పాలిష్ కూడా పోలేదు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"నేను తీయలేదమ్మా."

"తీయలేదనే అనుకుంటున్నా. తీసినవాడైతే ఇంతకంటే మంచి అబద్ధం సిద్ధం చేసుకునేవాడు. నువ్వు చర్చిలోకే వెళ్ళావు. ఎవర్ని చూశావు?"

"అడగొద్దు."

"జైలంటే తెలుసా? ఈ కార్డు మళ్ళీ మెడలో పడదు."

"తెలుసు." మెడలో కార్డుని బేడీల చేతులతోనే చొక్కా లోపలికి తోసుకున్నాడు. "అయినా అడగొద్దమ్మా. నేను తీయలేదు, అంతే రాసుకోండి."

ఎవర్నో కాపాడుతున్నాడు. నేను లేచాను. కెప్టెన్ అప్పటికే జీపు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"పద ఎలీసెయో, ఎక్కు."

"నేనింకా చోటు చూడలేదు," అన్నాను.

"నేను చూశాను. జాబితా కూడా రాశాను."

"మీరు ఎన్నింటికి వచ్చారు కెప్టెన్?"

"తొమ్మిదింపావు."

"ఊరినుంచి ఫోన్ వెళ్ళింది ఎనిమిదీ యాభై అయిదుకి. కుస్కో నుంచి ఇక్కడికి నలభై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఎలా వచ్చారు?"

ఆయన నల్ల కళ్ళద్దాలు ఒక్క క్షణం నా మీద ఆగాయి.

"దారిలో ఉన్నాను. మీలాగా ఆవిడకీ ఈవిడకీ మధ్య ఇరుక్కుని వ్యానులో రాలేదు. పది నిమిషాలిస్తాను, చూసుకోండి. చూసి మాత్రం ఏం చేస్తారు, బట్టలు మడతపెడతారా?"

"అవసరమైతే అదీ చేస్తాను. మా అమ్మ దర్జీ."

లోపల చల్లగా ఉంది, కొవ్వొత్తి వాసన. నేను ఆయన రాసిన జాబితా పట్టుకుని గూటి ముందు నిలబడ్డాను. అద్దం పగల్లేదు. తాళం పాడవలేదు. మాత ఒంటి మీద నీలం వెల్వెట్ పై వస్త్రం, తల మీద వెండి కిరీటం. జాబితాలో ఉన్నవన్నీ ఉన్నాయి. కిరీటం ఒకటి, ముత్యాల చెవిపోగులు ఒక జత, జపమాల ఒకటి, వెండి సూది ఒకటి.

వెండి సూది. సూర్యుడు ఉండాల్సిన చోట అది గుచ్చి ఉంది. పైన చెంచా ఆకారంలో బిళ్ళ, కింద పొడవాటి ముల్లు. ఇక్కడి ఆడవాళ్ళు శాలువా జారకుండా గుండెల మీద పెట్టుకునే తూపు. అమ్మమ్మలనుంచి మనవరాళ్ళకి వచ్చే వస్తువు. కెప్టెన్ దాన్ని మాత నగల్లోనే కలిపేశాడు. ఆయన కూడా లీమా మనిషే, తేడా తెలియలేదు.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. పతకం తీసేటప్పుడు వెల్వెట్ ఎక్కడా చిరగలేదు. తీసిన గుండుసూదులు ఆరు, పై వస్త్రం అంచు లోపల ఒకే వరసలో, ఒకే దూరంలో గుచ్చి ఉన్నాయి. దొంగ పని ముగించుకుని సూదులు జాగ్రత్త చేసింది. ఆపైన మాత గుండె బోసిగా ఉండటం చూడలేక తన సొంత తూపు తీసి పెట్టింది. దొంగది మగచెయ్యి కాదు, బస్సులోంచి దిగిన చెయ్యి అసలే కాదు.

పక్కనే మాత వస్త్రాలు దాచే గది. దానికి వెనక సందులోకి ఒక చిన్న తలుపు ఉంది. గుమ్మం మీద బురద ఎండి తెల్లగా మారుతోంది. అందులో టైరు చెప్పు అచ్చు ఒకటి, చిన్నది.

నేను బయటికొచ్చి డోన్ సెనోన్ని అడిగాను. "గూటికి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

ఆయన తెల్లబోయాడు. "అది డోన్యా నికొలాసా దగ్గర. అమ్మకి బట్టలు కట్టేది ఆవిడే. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆవిడ తాళంచెవి తాళంచెవి కింద లెక్క కాదమ్మా."

అందుకే ఎవరూ దాని ఊసెత్తలేదు.

"ఆవిణ్ణి లోపలికి పంపండి. మాత వస్త్రం విప్పి చూడాలి. మగవాళ్ళు ఎవరూ రాకూడదు."

మాతకి బట్టలు మార్చేటప్పుడు చర్చిలో మగవాళ్ళు ఉండరు. ఫాదర్ కూడా బయటే నిలబడతాడు. సెనోన్ వెంటనే తల ఊపాడు, ఆడమనిషిని అడిగిందీ అందుకే. కెప్టెన్ ఒప్పుకోలేదు.

"ఇది నేరం జరిగిన చోటు. నేను లేకుండా ఏదీ కదల్చడానికి వీల్లేదు."

"వెళ్ళండి మరి లోపలికి," అన్నాను. "ఈ మూడువందల మంది ముందు మాత లోపావడాలు మీరే ఎత్తి చూడండి. నేను ఇక్కడే నిలబడతాను."

పారలు పట్టుకున్నవాళ్ళు రెండడుగులు ముందుకు జరిగారు. వడుకుతున్న చేతులు ఆగాయి. కెప్టెన్ చుట్టూ చూసి, గడియారం చూసుకున్నాడు.

"అయిదు నిమిషాలు. తరవాత తలుపు తోసుకుని వస్తాను."

డోన్యా నికొలాసా చిన్న మనిషి. తెల్లటి జడలు రెండూ వెనక కలిపి ముడేసుకుంది. శాలువా గుండెల దగ్గర బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పుతో బిగించి ఉంది. తలుపు గడియ పెట్టాను. ఇంక దాచి మాట్లాడే సమయం లేదు.

"మీ తూపు ఎక్కడ పెద్దమ్మా?"

ఆవిడ క్లిప్పు మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మని అలా బోసిగా వదలబుద్ధి కాలేదు," అంది.

"సూర్యుడేడీ?"

"అమ్మ దగ్గరే ఉన్నాడు. అమ్మ సొమ్ము నేనెక్కడికి పట్టుకెళ్తాను?"

గూటి ముందు మోకరిల్లి, మాత నీలం వస్త్రం కింద చెయ్యిపెట్టి ఒక్కొక్క పావడా ఎత్తింది. తెల్లది, లేసుది, మళ్ళీ తెల్లది. మూడో పావడా లోపలివైపు చేతిరుమాలంత గుడ్డసంచి రెండు సూదులతో గుచ్చి ఉంది. పతకం అందులోంచి నా అరచేతిలో పడింది. బంగారు ముఖం, చుట్టూ ముత్యాలు.

"ఎందుకు చేశారు ఇది? ఆ కుర్రాడు బేడీల్లో ఉన్నాడు."

"తెలుసు. వాడు నన్ను చూశాడు." ఆవిడ పావడాలు కిందికి సర్దింది. "ఆ డాక్టరమ్మ వచ్చేలోపు గూడు తుడుద్దామని వచ్చినట్టున్నాడు. నేను అమ్మ గుండెల మీద చెయ్యేసి ఉన్నా. నన్ను చూసి అలాగే వెనక్కి వెళ్ళిపోయాడు. వాడి జ్ఞానస్నానంలో తల్లి స్థానంలో నిలబడ్డ జ్ఞానతల్లిని నేనే. చంపినా చెప్పడు."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఇది మన సూర్యుడు కాదమ్మా."

నేను పతకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాను. నా కళ్ళకి బంగారమే.

"నువ్వు చూస్తే తెలీదు," అంది. "గుచ్చితే తెలుస్తుంది. అసలు సూర్యుడి బరువుకి వెల్వెట్ కిందికి లాగేసేది. వెనక నాలుగు మడతల గుడ్డ వేసి కుడితేగాని నిలిచేవాడు కాదు. మొన్న శనివారం పండక్కి కొత్త వస్త్రం కట్టేటప్పుడు రెండు మడతలకే పెట్టి చూశా. జారలేదు. ఒక మడత చేశా, అయినా జారలేదు. ఆ రాత్రంతా నా చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దాన్ని ముట్టుకున్నది ఈ రెండు చేతులే. ఇవాళ ఆ డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి ఇది దొంగ సూర్యుడని అనేస్తే ఊరంతా ఎవరి వంక చూస్తుంది? పండగ అయ్యేదాకా దాచేద్దామనుకున్నా. వాడి మీద పడుతుందనుకోలేదు."

"పోయినేడు పండక్కి తెలీలేదా?"

"పోయినేడు నా మణికట్టు విరిగింది. మా కోడలు గుచ్చింది. దానికేం తెలుసు బరువు."

తలుపు మీద దబదబా చప్పుడు, కెప్టెన్ గొంతు. "మూడు నిమిషాలయింది."

"పెద్దమ్మా, జాగ్రత్తగా గుర్తు చేసుకోండి. ఇది ఈ చర్చి దాటి ఎప్పుడైనా బయటికి వెళ్ళిందా?"

"ఒకే ఒక్కసారి. పోయినేడు వానలు వెనకబట్టాక. ఎవరో ఆఫీసరు ఫొటోలు తియ్యాలని సంతకం పెట్టి పట్టుకెళ్ళాడు. నేను కట్టుతో ఇంట్లో పడుకున్నా, చూళ్ళేదు. తొమ్మిది రోజులకి డ్రైవరెవరో పెట్టె, దాంతో ఆ సంతకం కాయితం తెచ్చి కోడలికిచ్చి పోయాడు."

"ఆ సంతకం కాయితం ఉందా?"

ముద్ర ఉన్న కాయితాన్ని ఇక్కడ ఎవరూ పారేయరు. వస్త్రాల పెట్టె అడుగున, లేసు కింద, కర్పూరం ఉండల మధ్య దొరికింది. మడిచిన కాయితం. కింది సగం మీద మైనం కారి అంటుకుపోయింది. పై సగం చదివాను.

మా విభాగం కాయితమే. 'ఏప్రిల్ పదకొండు. సూర్యుడి పతకం ఒకటి, బంగారం, ముత్యాలు. బరువు నాలుగువందల పన్నెండు గ్రాములు. ఫొటోలు తీసి నమోదు చేయడానికి తీసుకువెళ్తున్నాను.'

ఆ మాటల కింద సంతకం కెప్టెన్ గొన్సాలో ఇబారోలాది.

డాక్టరమ్మ ఉత్తరం వారం కిందట వచ్చింది. అలాంటి వాటి నకలు మా ఆఫీసుకీ వస్తుంది. ఆయన ఇవాళ పొద్దున్నే ఈ దారిలో ఉన్నాడు. పతకం మాయమైందని తెలిసి, దాన్ని చూడకుండానే గైడుకి బేడీలు వేశాడు. సొత్తు దొరక్కపోతేనే ఆయనకి మేలు. దొరికితే దాన్ని ముందు ఆయన చేతుల్లోకి తీసుకోవాలి. ఈ కుర్రాడు ఆ జీపెక్కితే ఏం ఒప్పుకున్నాడో రాసేదీ ఆయనే.

"పెద్దమ్మా, నాతో బయటికి రండి. మీరు దాచారన్న మాట మీ నోటితోనే చెప్పాలి. మిగతాది నేను చెప్తాను."

"నన్ను నమ్ముతారా?"

"నన్ను నమ్మరు. త్రాసుని నమ్ముతారు."

గడియ తీశాను. కెప్టెన్ తలుపుకి చెయ్యి ఆనించి ఉన్నాడు, దాదాపు నా మీద పడ్డాడు. నా చేతిలో పతకం చూసి చెయ్యి చాచాడు.

"శభాష్. ఇలా ఇవ్వండి, సీలు వెయ్యాలి."

"ఒక్క నిమిషం," అని ఆయన చంక కిందనుంచి దూరి మెట్ల మీదికి వచ్చేశాను. యాభై దాటిన లావు మనిషిని, అంత చురుగ్గా ఎప్పుడు కదిలానో గుర్తు లేదు. పతకాన్ని తల పైకెత్తి పట్టుకున్నాను. చౌకంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎలీసెయో మాత్రం నా వంక చూడకుండా నా వెనకున్న ముసలావిణ్ణి చూశాడు.

"డోన్ సెనోన్, ఉన్ని తూచే త్రాసు ఎక్కడుంది?"

అరుగు మీదనుంచి తెచ్చారు. రెండు పళ్ళేల త్రాసు, ఇత్తడి రాళ్ళు. డాక్టర్ ఉర్తెయాగాని బస్సులోంచి దింపారు. ఆవిడ భూతద్దం కంటికి ఆనించుకుని ముందు పతకం ముఖం, తరవాత వెనక వైపు చూసింది. వెనక వైపే ఎక్కువసేపు చూసింది.

"ముత్యాలు పాతవే. సూర్యుడు మాత్రం కాదు. ఇంకాలు రేకుని సుత్తితో కొట్టి ముఖం తీసేవాళ్ళు, వెనక దెబ్బలు కనబడాలి. ఇది అచ్చులో పోసింది. నున్నగా ఉంది."

"తూచండి," అన్నాను.

సెనోన్ తన చేత్తోనే రాళ్ళు వేశాడు. రెండువందల డెబ్భై దగ్గర ముల్లు నిలబడింది. ఆయన రాళ్ళు తీసి, మళ్ళీ వేశాడు. రెండువందల డెబ్భై.

డోన్యా నికొలాసా చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పింది. తానే తీశాననీ, ఎక్కడ దాచిందీ, ఎందుకు దాచిందీ. ఎవరూ అరవలేదు. ఆడవాళ్ళలో ఒకామె లేచి, ఆవిడ క్లిప్పు తీసేసి తన తూపు ఆవిడ శాలువాకి పెట్టింది. అప్పుడు నేను కాయితం విప్పి పై సగం గట్టిగా చదివాను. నాలుగువందల పన్నెండు అన్నచోట ఆగి మళ్ళీ చదివాను. పేరు దగ్గర ఆగలేదు.

మూడువందల తలలు కెప్టెన్ వైపు తిరిగాయి.

ఆయన కంగారుపడలేదు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నా పక్కకి వచ్చి నాకు మాత్రమే వినబడేలా మాట్లాడాడు.

"ఆ కింది సగం విప్పకండి డోన్యా. మీ మంచికే చెప్తున్నా. కాయితం మడిచి నాకిచ్చేయండి. కుర్రాడు నాతో వస్తాడు, రెండేళ్ళు లోపల ఉంటాడు, ముసలమ్మ జోలికి ఎవరూ రారు. మీరు మీ వ్యానెక్కి ఇంటికెళ్ళి వంట చేసుకోండి."

"ఏముంది అందులో?"

"మీకు తెలుసు. అప్పుడు చదివి ఉండరు గాని తెలుసు."

"ఏమంటున్నాడమ్మా ఆయన?" సెనోన్ అడిగాడు. "ఇంకా సగం ఉందిగా. చదువు."

గోటితో మైనం గీకాను. అది పెళుసుగా రాలింది. మడత విడిపోయింది.

'పై పతకాన్ని తనిఖీ చేసి, ఏ మార్పూ లేకుండా చర్చికి తిరిగి చేర్చడమైనది. ఏప్రిల్ ఇరవై. తనిఖీ చేసినవారు.'

కింద సంతకం ఉంది. నా పేరు మొదట రాసే, పలకని పెద్ద ఎచ్, చివర తోకలాంటి గీత. దొంగ సంతకమేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. కాదు. మా ఆఫీసులో ప్రతి శుక్రవారం సాయంత్రం కాయితాల కట్ట వస్తుంది. ఆ శుక్రవారం మా చిన్నదానికి జ్వరమని బడినుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. భుజాన సంచితో, నిలబడే, అన్నం డబ్బా మూత మీద పెట్టి ముప్ఫై కాయితాల మీద సంతకాలు చేశాను. కట్ట పట్టుకుని పక్కన నిలబడింది ఇబారోలా. ఫరవాలేదు, వెళ్ళండి, పిల్లని చూసుకోండి అన్నాడు. ఎంత మంచివాడనుకున్నాను.

నేను ఈ పతకాన్ని ఇవాళ్టిదాకా చూడలేదు. చూసి సరిగ్గా ఉందని రాసి ఇచ్చింది మాత్రం నేనే.

బస్సు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. పదకొండూ ఇరవై. ఎలీసెయో మెట్టు మీదనుంచి లేచి నిలబడ్డాడు. వాడు కెప్టెన్ వంక కాదు, జీపు తెరిచి ఉన్న తలుపు వంక చూస్తున్నాడు.

"చదవమ్మా," అన్నాడు సెనోన్.

"మడవండి," అన్నాడు కెప్టెన్, పెదవులు కదపకుండా.

నేను చదివాను. ప్రతి మాటా, తేదీతో సహా. పేరు కూడా చదివాను. "సబ్ ఆఫీసర్ ఎర్మీనియా కోరిమాన్యా."

కెప్టెన్ తల దించుకుని చిన్నగా నవ్వాడు.

"ఎవరావిడ?" సెనోన్ అడిగాడు. "ఎక్కడుంటుంది?"

"నేనే," అన్నాను. "ముందు ఆ కుర్రాడి బేడీలు తియ్యండి. తాళంచెవి కెప్టెన్ బెల్టుకి ఉంది. తరవాత నా సంగతి చూద్దురుగాని."

సెనోన్ నా వంక చూసి, కెప్టెన్ వంక చూసి, ఎవరి అనుమతీ అడక్కుండా ఆ బెల్టుకున్న తాళంచెవి లాగాడు. బేడీలు ఊడి మెట్ల మీద పడ్డాయి. ఎలీసెయో వాటిని తీసి ఆయనకి ఇవ్వబోయాడు.

"నీ దగ్గరే ఉంచు, వాటితో ఇంకా పనుంది," అన్నాడు సెనోన్. ఆయన వెనక, బస్సుకి దారి వదిలిన పారలవాళ్ళు జీపు చుట్టూ, కెప్టెన్ చుట్టూ, నా చుట్టూ నిలబడుతున్నారు.